సాలార్‌జంగ్ మ్యూజియం నిజాంది కాదు, ఒక్క మనిషిదీ కాదు

హైదరాబాద్‌కి చుట్టాలొస్తే మనం తిప్పే చోట్లు దాదాపు ఖరారే: చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్. మొదటి రెండింటి గురించి ఎంతో కొంత చెప్పగలం. సాలార్‌జంగ్ దగ్గరికి వచ్చేసరికి మాట తడబడుతుంది. "ఇదంతా నిజాం సామానే కదా?" అంటారు, "ఒక్క మనిషి కలెక్షనట కదా?" అంటారు, మనం తల ఊపేస్తాం. "నిజాం నగలు ఎక్కడ పెట్టారు? ఈజిప్టు మమ్మీ ఏ గదిలో ఉంది?" అంటారు, మనమూ వాళ్లతో కలిసి వెతుకుతాం. సాయంత్రానికి కాళ్లు పీకి, బొమ్మ గంట కొట్టే గడియారం ఒక్కటి గుర్తు పెట్టుకుని ఇంటికి చేరతాం.

నేనూ చాలా ఏళ్లు అలాగే చూశాను. ఒక గదిలో కత్తులు, పక్క గదిలో చేతికర్రలు, ఆ తర్వాత చైనా పింగాణీ, ఆ తర్వాత పిల్లల బొమ్మలు, అక్కణ్నుంచి ఖురాన్ ప్రతులు... ఏ వరసలో ఆలోచించి ఇవన్నీ ఒకచోట చేర్చారో అంతుపట్టేది కాదు. ఒకే ఒక్క ప్రశ్న వేసుకున్నాక మాత్రం చిక్కుముడి విడిపోయింది. ఇవన్నీ మ్యూజియంలోకి రాకముందు ఎక్కడుండేవి? ఒక ఇంట్లో. నాలుగైదు తరాలు దివాన్‌గిరీ చేసిన కుటుంబం ఇంట్లో. ఆ ఇంటి గురించి తెలిస్తే తప్ప ఈ మ్యూజియం అర్థం కాదు.

ముందు నిజాం సంగతి తేల్చేద్దాం. నిజాంలు రాజులు, అసఫ్‌జాహీలు. సాలార్‌జంగ్‌లు వాళ్ల దగ్గర దివాన్లు, అంటే ప్రధానమంత్రులు. రెండూ వేర్వేరు కుటుంబాలు. సాలార్‌జంగ్ అనేది పేరు కూడా కాదు, బిరుదు. ఆ బిరుదుతో మనం చెప్పుకునేది ముగ్గుర్ని: తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, కొడుకు మీర్ లాయక్ అలీ ఖాన్, మనవడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. వీళ్లకంటే ముందే ఈ ఇంటికి దివాన్ పదవి వచ్చింది. మీర్ ఆలం చెరువు, మీర్ ఆలం మండీ అంటూ మనం రోజూ తలుచుకునే మీర్ ఆలం 1804 నుంచి 1808 దాకా దివాన్. ఆయన అల్లుడు మునీర్ ఉల్ ముల్క్ దివాన్, ఆ తర్వాత సిరాజ్ ఉల్ ముల్క్ దివాన్, ఆయన సోదరుడి కొడుకే మొదటి సాలార్‌జంగ్.

ఇక నగలు. నిజాం నగలు 173 వస్తువుల్ని భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నది. అవి రిజర్వ్ బ్యాంకు వాల్టులో ఉంటాయి. 2001లోనూ 2006లోనూ వాటిని హైదరాబాద్ తెచ్చి సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించారు, జనం క్యూలు కట్టి జాకబ్ వజ్రాన్ని చూసి వచ్చారు, అప్పట్నుంచీ "నగలు సాలార్‌జంగ్‌లో ఉన్నాయి" అన్న మాట అలా నిలబడిపోయింది. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన వెండి కానుకలు, ఆరో నిజాం పొడవాటి బట్టల అల్మారా పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నాయి. మమ్మీ ఉన్నది పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన మమ్మీ అది. ఈ మూడు మ్యూజియాల్నీ కలగలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

ఈ మూడింటికీ అసలు తేడా ఒకటుంది, అది వస్తువులు చేరిన దారిలో ఉంది. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం ప్రధానంగా తవ్వకాల మ్యూజియం. హైదరాబాద్ రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ పెట్టారు, గులాం యజ్దానీ దానికి తొలి డైరెక్టర్. కొండాపూర్ లాంటి చోట్ల (ఐటీ కంపెనీల కొండాపూర్ కాదు, సంగారెడ్డి దగ్గరి శాతవాహనుల నాటి కొండాపూర్) తవ్వితే బయటపడ్డ నాణేలు, మట్టిబొమ్మలు అక్కడికి చేరాయి. అలాంటి వస్తువుకి ఊరుంటుంది, ఏ పొరలో దొరికిందో లెక్క ఉంటుంది, పక్కన ఇంకేం దొరికాయో రాసి ఉంటుంది. పురానీ హవేలీవి ప్రధానంగా రాజుగారికి వచ్చిన కానుకలు. సాలార్‌జంగ్‌లో ఉన్నవి మాత్రం ఎక్కువగా డబ్బు పెట్టి కొన్నవి, ఇష్టపడి కొన్నవి. ఇష్టపడి కొన్నదానికి శాస్త్రం ఉండదు, అభిరుచి ఉంటుంది. గదుల వరస అర్థం కాకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఇప్పుడు ఆ ఇంటివాళ్ల దగ్గరికి వద్దాం.

మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యేనాటికి ఆయన వయసు 24. అప్పుల్లో కూరుకుపోయిన రాజ్యాన్ని చేతికిచ్చారు. జమీను శిస్తు వసూళ్లను దారిలో పెట్టి, జిల్లాలు ఏర్పరిచి, ముప్ఫై ఏళ్లు, చనిపోయే దాకా, 1883 వరకూ ఆ పదవిలోనే ఉన్నాడు. 1857లో ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలబడ్డాడన్న కోపం కొందరికి ఇప్పటికీ ఉంది, ఆ చర్చ ఇక్కడ తెగేది కాదు. మనకు కావాల్సింది 1876. ఆ ఏడాది ఆయన యూరప్ వెళ్లాడు. దారిలో రోమ్‌లో జొవాన్నీ మరియా బెంజోనీ అనే శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ ఒకటి కొన్నాడు. మనం మేలిముసుగు రెబెకా అంటున్నది అదే. అంటే మ్యూజియంలో అందరికంటే ఎక్కువ పేరున్న శిల్పం, ఏ "ఒక్క మనిషి కలెక్షన్" అని ఊరంతా చెప్పుకుంటున్నామో ఆ మనిషి, మూడో సాలార్‌జంగ్, పుట్టడానికి 13 ఏళ్ల ముందే ఇంటికి వచ్చేసింది.

రెబెకా దగ్గర కాసేపు ఆగాలి. చాలామంది అది రెండు రాళ్లనుకుంటారు, ముఖం మీద పల్చటి రాతి పొర వేరేగా పరిచారనుకుంటారు. కాదు, ఒకటే రాయి. మాయ అంతా చెక్కే లోతులో ఉంది. బట్ట ముఖానికి అంటుకున్న చోట ముక్కు, పెదవులు, కనురెప్పల అంచుల్ని గట్టిగా చెక్కకుండా మెత్తగా, పైపైన తేల్చి వదిలేశాడు. బట్ట ఒంటికి దూరంగా జారే చోట మడతల్ని లోతుగా, నీడ పడేలా తవ్వాడు. లోతు మడతల్ని చూసిన కన్ను "ఇది బట్ట" అని ఒప్పుకుంటుంది, ఆ ఒప్పుకున్న కన్నే మసకగా ఉన్న ముఖాన్ని చూసి "ఇది బట్ట వెనక ఉంది" అనుకుంటుంది. ముఖాన్ని దాచిన బట్టా లేదు, బట్ట దాచిన ముఖమూ లేదు. కథ కూడా మనకు కొత్తదేం కాదు, తెలుగు బైబిల్లో ఆమె పేరు రిబ్కా. పెళ్లాడబోయే ఇస్సాకు పొలంలో ఎదురొస్తుంటే ఒంటె దిగి ముసుగు కప్పుకుంటుంది, ఆదికాండం 24వ అధ్యాయం. శిల్పి పట్టుకున్నది ఆ క్షణాన్నే. ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రపంచంలో ఇదొక్కటే ఉందని కొందరు గైడ్లు చెబుతుంటారు కానీ బెంజోనీ దీన్ని ఒకటికి మించి చేశాడు, అమెరికా మ్యూజియాల్లో కూడా ఉన్నాయి. అప్పట్లో పేరున్న శిల్పులు గిరాకీ ఉన్న బొమ్మని మళ్లీ మళ్లీ చెక్కి అమ్మడం మామూలే. అంతమాత్రాన మన రెబెకా విలువ ఏమీ తగ్గదు.

రెండో సాలార్‌జంగ్ గురించి చెప్పుకోవడానికి తక్కువ. 1884 నుంచి 1887 దాకా దివాన్, 1889 జులైలో పాతికేళ్ల వయసు దాటీ దాటకుండానే చనిపోయాడు. అప్పటికి ఆయన కొడుకు యూసుఫ్ అలీ ఖాన్‌కి నెల కూడా నిండలేదు. తండ్రి ముఖం గుర్తుండే అవకాశమే లేని పిల్లవాడు. ఆస్తి సర్కారు నిర్వహణలోకి పోయింది, పిల్లవాడు మాత్రం తాత తెచ్చిన వస్తువుల మధ్య పెరిగాడు. ఏడో నిజాం 1912లో ఆయన్ని దివాన్‌ని చేశాడు, వయసు 23. 1914లోనే ఆ పదవి వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ తర్వాత 1949 మార్చి 2న చనిపోయే దాకా, అంటే దాదాపు 35 ఏళ్లు, ఆయన పనల్లా కొనడమే. యూరప్ వెళ్లి కొన్నాడు, మనుషుల్ని పెట్టి కొనిపించాడు, వర్తకులు ఇంటి దాకా తెచ్చినవి కొన్నాడు. పుస్తకాలూ రాతప్రతులూ కూడా అలాగే పోగుచేశాడు.

కాబట్టి "ఒక్క మనిషి సేకరించిన అతిపెద్ద కలెక్షన్" అనే మాటలో నిజం ఎంత? ఎక్కువ వస్తువులు మూడో సాలార్‌జంగ్ తెచ్చినవే, అందులో అనుమానం లేదు. ఆయన లేకపోతే మ్యూజియం లేదు. కానీ వేళ్లు మాత్రం తాతవి, ఆయనకంటే ముందు నుంచీ ఇంట్లో ఉంటూ వచ్చిన పెద్దలవి. ఆ డబ్బు కూడా ఒక్క మనిషిది కాదు కదా. దివాన్ కుటుంబానికి జాగీర్లుండేవి, జాగీర్ల మీద శిస్తు వచ్చేది, ఆ శిస్తు కట్టింది పల్లెల్లో దున్నినవాళ్లు. పింగాణీ గదిలో నిలబడినప్పుడు నాకు ఈ సంగతి గుర్తొస్తుంది, అక్కడున్న ఏ పలకలోనూ కనపడదు. ఇవన్నీ చివరికి జనానికే చేరడం నాకు న్యాయంగా అనిపించేది కూడా అందుకే.

ఎలా చేరాయన్నది అసలు కథ. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం ఇండియన్ యూనియన్‌లో కలిసింది. ఆర్నెల్లకే మూడో సాలార్‌జంగ్ పోయాడు. పిల్లల్లేరు. దూరపు బంధువులు చాలామంది, ఆస్తి చెప్పలేనంత, రాజ్యమే చేతులు మారిన సమయం. మామూలుగా అయితే ఇలాంటి ఇళ్లలో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు, వాటాలేసుకుంటారు, వేలం వేస్తారు, మూడేళ్లలో వస్తువులు పది దేశాల్లో తేలతాయి. ఇక్కడ అలా జరగలేదు. ఆస్తిని చూసుకోవడానికి ప్రభుత్వం ఎస్టేట్ కమిటీ వేసింది. అప్పటి సివిల్ అడ్మినిస్ట్రేటర్ ఎం.కె. వెల్లోడి ఈ వస్తువుల్ని మ్యూజియంగా మార్చే పనికి జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుణ్ని పిలిపించాడు. 1951 డిసెంబర్ 16న జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఎక్కడో కాదు, ఆ ఇంట్లోనే, దివాన్ దేవిడీలో.

వారసుల వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లి చివరికి రాజీతో ముగిసింది. వస్తువులు కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడ్డాయి, 1958 నుంచి కేంద్రమే నేరుగా నడిపింది. 1961లో పార్లమెంటు సాలార్‌జంగ్ మ్యూజియం చట్టం చేసింది. దాంతో ఇది జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది, నడపడానికి బోర్డు ఏర్పడింది, రాష్ట్ర గవర్నర్ దానికి ఛైర్మన్. ఊళ్లోనే ఉన్నా ఇది మున్సిపాలిటీదీ కాదు, రాష్ట్ర పురావస్తు శాఖదీ కాదు, కేంద్ర చట్టం కింద నడిచే సంస్థ. ఈ చట్టం విలువ తెలియాలంటే నిజాం నగల్ని పక్కన పెట్టి చూడాలి. అవి ట్రస్టుల్లో, కోర్టుల్లో, బేరాల్లో దశాబ్దాల పాటు నలిగి 1995కి గానీ జనం సొత్తు కాలేదు, అయ్యాక కూడా వాల్టులోనే ఉన్నాయి. దివాన్ ఇంటి సామాను మాత్రం, ఆయన పోయిన మూడేళ్లలోపే టికెట్టు కొన్న ఎవరైనా చూసేలా అయింది.

1968లో మ్యూజియం మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో కట్టిన ఇప్పటి భవనంలోకి మారింది. 2000లో రెండు పక్కలా రెండు బ్లాకులు కలిశాయి, పడమటిదానికి మీర్ లాయక్ అలీ ఖాన్ పేరు, తూర్పుదానికి మీర్ తురాబ్ అలీ ఖాన్ పేరు. నాన్న ఒక పక్క, తాత ఒక పక్క, నడుమ మనవడు.

ఈ మారడంలో సంపాదించుకున్నవీ ఉన్నాయి, పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఇంట్లో ఉన్నప్పుడు వస్తువుకి పని ఉంటుంది. పళ్లెం భోజనాల గదిలో ఉంటుంది, చేతికర్ర గుమ్మం పక్కన ఉంటుంది, ఖురాన్ చదువుకునే చోట ఉంటుంది. మ్యూజియంలోకి రాగానే పళ్లెం చైనా గదిలోకి, కర్ర కర్రల గదిలోకి, కుర్చీ ఫర్నిచర్ గదిలోకి వెళ్లిపోతాయి. దేశాన్ని బట్టి, సరుకుని బట్టి విడదీయడం తప్పేం కాదు, 46,000కు పైగా కళాఖండాల్ని వేరేగా ఎలా సర్దుతారు? కానీ ఇవన్నీ ఒకే కుటుంబం ఒకే ఇంట్లో వాడుకున్నవి, చూసి మురిసినవి అన్న సంగతి ఆ సర్దుబాటులో కనుమరుగైంది. రెండో అంతస్తులోకి వచ్చేసరికి మనకు తల తిరిగేది అందుకే.

పలకల మీద రాసినవాటిని ఎలా చదవాలో కూడా చెప్పాలి. నూర్జహాన్ బాకు, జహంగీర్ బాకు, ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ టిప్పు సుల్తాన్‌కి పంపిన దంతపు కుర్చీలు... ఇలాంటివి చాలా ఉన్నాయి. కొనుగోలు చేసిన కలెక్షన్‌లో వస్తువుతో పాటు దాని కథ కూడా చేతులు మారుతూ వస్తుంది. ఆ కథకి వస్తువు మీదే రాతపూర్వకమైన ఆధారం ఉందా లేదా అన్నది చూసుకోవాలి. జేడ్ రాతి గదిలో అలాంటి ఆధారం దొరుకుతుంది. విలుకాడు బొటనవేలికి తొడుక్కునే ఉంగరం ఒకటుంది, దానిమీద షాజహాన్ బిరుదు "సాహిబ్ ఎ ఖిరాన్ ఎ సానీ" చెక్కి ఉంది. రాయి తనంతట తానే చెబుతోంది కాబట్టి దాని దగ్గర మరో రెండు నిమిషాలు నిలబడండి. ఈజిప్టు గదిలో దీనికి పూర్తిగా వేరే సంగతి, టుటంఖామన్ సింహాసనం నకలు. అది నకలని తెలిసి చూస్తే నిరాశ ఉండదు. వెళ్లలేని చోటుని ఇంటికి తెచ్చుకోవాలన్న మూడో సాలార్‌జంగ్ ఆశ కనపడుతుంది.

రాతప్రతుల్ని మామూలు సందర్శకులు దాదాపుగా చూడరు, నాకు మాత్రం మ్యూజియం గుండెకాయ అదే అనిపిస్తుంది. అరబ్బీ, పారశీ, ఉర్దూల్లో వేల ప్రతులున్నాయి. పదమూడో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న మహా లేఖకుడు యాఖూత్ అల్ ముస్తాసిమీ చేతిరాతగా చెప్పే ఖురాన్ ఒకటి ఇక్కడుంది, దానిమీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల దస్తూరీలు ఉన్నాయని మ్యూజియం చెబుతుంది. తండ్రి, కొడుకు, మనవడు ఒకే పుస్తకాన్ని తెరిచి సంతకం పెట్టారంటే, ఆ మూడు తరాల మధ్య జరిగిన యుద్ధాలూ చెరలూ తెలిసినవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది.

అందరూ చూసే గడియారం గురించి ఒక్క మాట. దానిమీద పేరున్న కుక్ అండ్ కెల్వీ కంపెనీ కలకత్తాలో దుకాణం పెట్టుకున్న సంస్థ. గంట పూర్తయ్యే వేళకు గడ్డపు బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎంతైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. జనం అంతా దాన్నే చూస్తారు కానీ పక్కనే కమ్మరి బొమ్మ సెకను సెకనుకీ సుత్తి కొడుతూనే ఉంటుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. పన్నెండు గంటలకి వెళ్తే పన్నెండు దెబ్బలు వినొచ్చు, రద్దీ కూడా అప్పుడే ఎక్కువ.

చెక్క బొమ్మ కూడా చెప్పకుండా ఉండలేను. ఒకే దుంగలో ముందువైపు గర్వంగా తలెత్తిన మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తల వంచుకున్న మార్గరెట్టా. గోథే ఫౌస్ట్ నాటకంలోని దయ్యమూ, ఆ దయ్యం ఆటలో నాశనమైన అమ్మాయీ. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పని, శిల్పి పేరు నమోదు కాలేదు. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దర్నీ ఒకేసారి చూడగలం. వాడి వీపే ఆమె ఒళ్లు. ఎదురుగా నిలబడి చూసి పోకుండా పక్కకు జరిగి, ఆ రెండు శరీరాలు ఎక్కడ కలుస్తున్నాయో ఆ అంచుని చూడండి. చెక్క నారని అనుసరించి, వాడి బట్టల మడతల్ని ఆమె గౌను అంచులోకి ఎలా తిప్పాడో అక్కడ తెలుస్తుంది.

ఈసారి చుట్టాల్ని తీసుకెళ్తే (శుక్రవారం తప్ప, ఆ రోజు సెలవు) ముందు సంస్థాపకుల గ్యాలరీకి తీసుకెళ్లండి. అందరూ దాటేసే గది అది. ముగ్గురు సాలార్‌జంగ్‌ల చిత్రాలు, ఇంటి వస్తువులు అక్కడున్నాయి. ముఖాలు తెలిశాక మిగతా గదులన్నీ వాళ్ల ఇంటి గదుల్లా కనపడటం మొదలుపెడతాయి. ఆ తర్వాత రెబెకా, జేడ్, రాతప్రతులు, చాలు. మిగతావి ఇంకోసారి. ఒక్కరోజులో అన్ని గ్యాలరీలూ తిరగాలనే టెన్షన్ పెట్టుకుంటే ఏదీ మిగలదు.

బయటికొచ్చాక ఓపికుంటే పత్తర్‌గట్టీ వైపు నడవండి, దూరమేం కాదు. దివాన్ దేవిడీ అంటే ఎవరైనా చూపిస్తారు, కాకపోతే చీరలూ డ్రెస్ మెటీరియల్సూ హోల్‌సేల్‌గా అమ్మే దుకాణాల దగ్గరికి తీసుకెళ్తారు. ఇల్లు పోయింది, పేరు మిగిలింది. పాత కమాన్ కింద ఆటోలూ బట్టల మూటలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటాయి. రెబెకా రోమ్ నుంచి వచ్చి దిగిన ఇల్లు, నెహ్రూ మ్యూజియం తెరిచిన ఇల్లు ఆ కమాన్ లోపలే ఉండేది.